బీడీఎల్ అంటే సున్నా కాదు, సగమూ కాదు

ఏదైనా పరిశ్రమ పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నివేదిక తెరిచి భూగర్భజలాల పట్టిక దగ్గర ఆగండి. పై వరుసల్లో పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు. అన్నిటికీ దశాంశాలతో సహా అంకెలుంటాయి. కిందికి దిగి సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం దగ్గరికొచ్చేసరికి అంకెలు మాయం. ఎన్ని ఊళ్ల బోర్లుంటే అన్ని గళ్లలోనూ ఒకటే ముక్క: బీడీఎల్, అంటే బిలో డిటెక్షన్ లిమిట్. ప్రజాభిప్రాయ సేకరణ రోజున వేదిక మీది కన్సల్టెంటు ఆ వరుసలు చూపించి "భారలోహాలేవీ లేవండీ" అంటాడు. షామియానా కింద కూర్చున్నవాళ్లు కాబోలు అనుకుంటారు.

ల్యాబ్ ఆ మాట అనలేదు. ఈ పరికరం మీద, ఈ పద్ధతిలో, ఫలానా మోతాదు కన్నా తక్కువ ఉంటే ఉందో లేదో తేల్చి చెప్పలేనని మాత్రమే అంది. ఆ ఫలానా మోతాదే డిటెక్షన్ లిమిట్. అదెంతో పట్టికలో చాలాసార్లు ఉండనే ఉండదు.

సీసం సంగతే చూడండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు, సడలింపు లేదు. ఫ్లేమ్ ఏఏఎస్ పరికరంలో నీటిని ముందుగా గాఢపరచకుండా నేరుగా పెడితే 0.05 దరిదాపులకు దిగేసరికే అది తడబడుతుంది. ఆ పరికరం మీద బీడీఎల్ వచ్చిన నీళ్లలో సీసం అసలు లేకపోవచ్చు, 0.01 ఉండొచ్చు, 0.04 ఉండొచ్చు. అంటే ప్రమాణానికి నాలుగు రెట్లు సీసమున్న నీళ్లు కూడా అదే ముద్ర వేయించుకుని బయటికొస్తాయి. అంతకన్నా సున్నితమైన గ్రాఫైట్ ఫర్నేస్‌లోనో ఐసీపీ-ఎంఎస్‌లోనో పెడితే లీటరుకు ఒక మైక్రోగ్రాము కిందిదాకా చూడొచ్చు. రెండు ల్యాబ్‌లూ నిజాయితీగా పనిచేసి, రెండూ బీడీఎల్ అనే రాస్తే, ఆ రెండు రాతల మధ్య యాభై రెట్లకు పైగా తేడా ఉంటుంది.

బీడీఎల్‌ను సున్నాగా చదవడం తప్పని ఒప్పించడానికి ఇంతకన్నా పెద్దగా శ్రమపడక్కర్లేదు. నా తగువు దాని అన్నగారితో. చదువుకున్నవాళ్ల మధ్య చెల్లుబాటయ్యే సూత్రం ఒకటుంది: బీడీఎల్ వస్తే డిటెక్షన్ లిమిట్‌లో సగం వేసుకుని ముందుకెళ్లిపో. ఎంటెక్ థీసిస్ నుంచి కన్సల్టెంటు ఎక్సెల్ షీటు దాకా ఇదే నడుస్తోంది. సున్నా వేస్తే కాలుష్యాన్ని తక్కువ చేసినట్టు, పూర్తి లిమిట్ వేస్తే ఎక్కువ చేసినట్టు, సగం వేస్తే ఎవరి పక్షమూ కానట్టు. వినడానికి ధర్మాసనం తీర్పులా ఉంటుంది. దాని వెనకున్న వాదనా మరీ తీసిపారేసేది కాదు. అసలు విలువ సున్నాకీ లిమిట్‌కీ మధ్య ఎక్కడో ఉంది కదా, నడిమి చుక్క పట్టుకుంటే తప్పు చిన్నదే. అంత చిన్న అంకెల వల్ల ఫలితం తారుమారు కాదు. అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలే దీన్ని ఒప్పుకున్నాయి. సంఖ్యాశాస్త్రజ్ఞులు చెప్పే పెద్ద పద్ధతులూ చివరికి ఏదో ఒక ఊహ మీద నిలబడేవే.

వరుసగా చూద్దాం. ముందు తప్పు చిన్నదే అన్న మాట.

లెక్క కోసం గాలి నాణ్యత కొలిచే ఒక స్టేషన్‌ను ఉదాహరణగా అల్లుకుందాం. గాలిలో ఆర్సెనిక్‌కు మన జాతీయ ప్రమాణం (2009 నవంబరు) ఏడాది సగటున ఘనపు మీటరుకు 6 నానోగ్రాములు. వార్షిక సగటుకు కనీసం 104 కొలతలు కావాలి, ఇక్కడ సౌకర్యం కోసం పదే తీసుకుంటున్నాను. ల్యాబ్ డిటెక్షన్ లిమిట్ 5. పదింటిలో ఆరు బీడీఎల్. మిగిలిన నాలుగూ 6, 8, 11, 20. ఇప్పుడు సగటు కట్టండి. ఆరు గళ్లలో సున్నా వేస్తే 4.5 వస్తుంది, స్టేషన్ పాసయింది. సగం, అంటే 2.5 వేస్తే సరిగ్గా 6.0 వస్తుంది, స్టేషన్ గడప మీద నిలబడింది. పూర్తిగా 5 వేస్తే 7.5, ఫెయిలయింది. గాలి ఒకటే, ఫిల్టరు కాగితం ఒకటే, పరికరం ఒకటే. తీర్పు మాత్రం ఎక్సెల్ ముందు కూర్చున్న కుర్రాడు ఏ అంకె టైపు చేశాడన్న దాని మీద ఆధారపడింది.

ఇంకో ముచ్చట. అమెరికాలో కార్మికుల ఆరోగ్య పరిశోధకులు హార్నంగ్, రీడ్ 1990లో ఒక సవరణ చెప్పారు: డేటా మరీ ఒకవైపుకు వాలి లేకపోతే సగం బదులు లిమిట్‌ను రెండు యొక్క వర్గమూలంతో భాగించి వేసుకోండి, బాగా వాలి ఉంటే సగం వేసుకోండి అని. అమెరికన్ల రక్తం, మూత్రం పరీక్షించే సీడీసీ జాతీయ సర్వే ఈ వర్గమూలం దారే పట్టింది. మన పది కొలతలకు అది వర్తింపజేస్తే సగటు 6.6 వస్తుంది, స్టేషన్ మళ్లీ ఫెయిల్. నాలుగు ఆచారాలు, నాలుగు సగటులు. అసలు కొలత ఒక్కటీ మారలేదు.

సగటుతోనూ ఆగదు. సున్నా వేసినప్పుడు ప్రామాణిక విచలనం 6.8, సగం వేస్తే 5.8, పూర్తి లిమిట్ వేస్తే 4.8. ఆరు గళ్లలో అచ్చం ఒకే అంకె కూర్చోబెట్టాం కనుక ప్రకృతిలో లేని ఏకరూపత ఒకటి పుట్టుకొచ్చింది. ఈ విచలనంతోనే ఆ తర్వాత టీ-టెస్టు చేస్తారు, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ గీస్తారు, ఫ్యాక్టరీకి ఎగువనా దిగువనా తేడా ఉందా లేదా తేలుస్తారు. అల్లిన అంకెలకు పరీక్ష పెట్టి, ఆ పరీక్షలో వచ్చిన పీ-వాల్యూను మాత్రం మూడు దశాంశాల దాకా అచ్చువేస్తారు.

మరి సగం అంటే నడిమి చుక్కేనా? అది నిజం కావాలంటే బీడీఎల్ అయిన విలువలు సున్నా నుంచి లిమిట్ దాకా సమంగా పరుచుకుని ఉండాలి. పర్యావరణ డేటా అలా ఉండదు. చిన్న విలువలు కుప్పలుగా, పెద్దవి అక్కడొకటి ఇక్కడొకటిగా, తోక కుడివైపు పొడుగ్గా సాగి ఉంటుంది. నీళ్లలో నిజంగా ఉన్నది రెండు మైక్రోగ్రాముల దగ్గర తచ్చాడుతుంటే, మొరటు పరికరం లిమిట్ యాభై అయితే, సగం సూత్రం ప్రకారం ఆ నీళ్లలో పాతిక ఉన్నట్టు. లిమిట్ నాలుగైతే రెండు ఉన్నట్టు. మీరు వేసే ఆ సగం బోరును చూసి రాదు, ల్యాబ్ కొనుక్కున్న పరికరాన్ని బట్టి వస్తుంది.

ఇంతకీ డిటెక్షన్ లిమిట్ అనేది ఏదో ప్రకృతి గీసిన గీత అనుకునేవాళ్లున్నారు. అదీ లెక్క వేసి తేల్చేదే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పద్ధతిలో, తెలిసిన కొద్ది మోతాదు కలిపిన శాంపిళ్లు కనీసం ఏడు తయారుచేసి మొదటినుంచీ చివరిదాకా పరీక్షిస్తారు. ఏడైతే వాటి ప్రామాణిక విచలనాన్ని 3.143తో గుణిస్తారు. వచ్చింది మెథడ్ డిటెక్షన్ లిమిట్. లేనిదాన్ని ఉందనే పొరపాటు నూటికి ఒక్కటి మించకూడదని ఆ గుణకం. 2017 సవరణ తర్వాత ఏమీ కలపని శాంపిళ్లను, అంటే బ్లాంకులనూ లెక్కలోకి తీసుకుంటున్నారు. ఉన్నదాన్ని లేదనే పొరపాటు ఎంతన్నది ఈ గుణకం చూడదు. నీళ్లలో సరిగ్గా లిమిట్ మోతాదే ఉందనుకోండి. కొలతలు దానికి అటూ ఇటూ ఊగుతాయి కనుక దాదాపు సగం సార్లు పరికరం లిమిట్ కన్నా తక్కువే చూపిస్తుంది, ల్యాబ్ బీడీఎల్ రాస్తుంది. లాయిడ్ కరీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఈ రెండు రకాల పొరపాట్లనూ విడదీసి 1968లోనే మూడు వేర్వేరు హద్దులు నిర్వచించి పెట్టాడు. ఆ రెండో పొరపాటును పట్టించుకోకపోవడం వల్ల, బీడీఎల్ వచ్చిందంటే లిమిట్ కన్నా కచ్చితంగా తక్కువే ఉందన్న ధీమా కూడా నిలవదు. ఇక అందులో సగమే ఉందన్న ధీమా సంగతి చెప్పేదేముంది.

లిమిట్లు మారినప్పుడు ఈ సూత్రం ఆడే ఆట చూడాలి. ఒక నది మీద పదేళ్లుగా ఒకే చోట శాంపిళ్లు తీస్తున్నారు. మొదటి ఐదేళ్లూ ల్యాబ్ లిమిట్ 10. తర్వాత కొత్త పరికరం వచ్చి లిమిట్ 1 అయింది. నదిలో ఆ లోహం ఎప్పుడూ ఒకటి లోపే ఉందనుకుందాం. పదేళ్లూ బీడీఎల్లే. సగం వేసినవాడి గ్రాఫులో మాత్రం మొదటి ఐదేళ్లు 5, తర్వాత ఐదేళ్లు 0.5. తొంభై శాతం తగ్గుదల! దాని మీద పత్రికా ప్రకటన, శుద్ధి కేంద్రానికి మెచ్చుకోలు, వచ్చే ఏడాది బడ్జెట్‌లో కోత. అందరికన్నా తక్కువ ధర వేసినవాళ్లకే పనిచ్చే ఎల్-1 టెండర్‌లో చవక ల్యాబ్ వచ్చి లిమిట్ పెరిగితే కథ తిరగబడుతుంది: నది చలించకుండానే కాలుష్యం పదింతలవుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) గాలి నివేదికల్లో పట్టిక అడుగున బీడీఎల్ అంటే సల్ఫర్ డయాక్సైడుకు 4 మైక్రోగ్రాముల లోపు, నైట్రోజన్ డయాక్సైడుకు 9 లోపు అని చిన్నక్షరాల్లో రాసే అలవాటుంది. ఆ ఒక్క పంక్తి ఉన్నందుకు చదువరి కనీసం ఎక్కడ నిలబడి చూస్తున్నాడో తెలుస్తుంది. నీటి పట్టికల్లో ఆ మర్యాద కూడా కరువు.

దీనికన్నా గడుసైన మోసం ఒకటుంది, దాన్ని ఇంకొంచెం దగ్గరగా చూపించాలి. ఐసీపీ-ఎంఎస్ చాలా సున్నితమైన యంత్రం. కరిగిన లవణాలు సుమారు 0.2 శాతం, అంటే లీటరుకు రెండు వేల మిల్లీగ్రాములు దాటిన నీళ్లు దానికి పడవు. దాని లోపలి కోన్‌ల మీద ఉప్పు పేరుకుంటుంది, సిగ్నల్ జారుతుంది. అందుకని ఇరవై వేల టీడీఎస్ ఉన్న వ్యర్థజలం వస్తే ల్యాబ్‌లో పది రెట్లు పలుచన చేసి పెడతారు. అది సరైన పనే. కాకపోతే పది రెట్లు పలుచన చేస్తే ఆ శాంపిల్‌కు డిటెక్షన్ లిమిట్ కూడా పది రెట్లు పెరుగుతుంది. కాడ్మియానికి మామూలు బోరు నీళ్లలో లిమిట్ 0.5 మైక్రోగ్రాము అనుకుంటే, ఈ ఉప్పునీళ్లలో 5. బోర్లలోనూ వ్యర్థజలంలోనూ కాడ్మియం దొరకలేదు, అన్నీ బీడీఎల్. ఇప్పుడు సగం సూత్రం రంగంలోకి దిగుతుంది. బోర్ల దగ్గర 0.25, వ్యర్థజలం దగ్గర 2.5. విశ్లేషకుడు టీడీఎస్ ఒక అక్షం మీద, కాడ్మియం ఇంకో అక్షం మీద పెట్టి గ్రాఫు గీస్తే చక్కటి సంబంధం కనిపిస్తుంది. ఉప్పు పెరిగేకొద్దీ కాడ్మియం పెరుగుతోందట! ఒక్క శాంపిల్‌లోనైనా కాడ్మియం ఎవరి కంటా పడలేదు. గ్రాఫు మీదున్నది పలుచన చేసిన పైపెట్ లెక్క. దాన్ని కాలుష్య వ్యాప్తిగా చదివి ఒక పేరాగ్రాఫు రాస్తారు. అంకె చిన్నదైతే ఫలితం తారుమారు కాదన్నవాళ్లు ఈ గ్రాఫుకు ఏం జవాబు చెబుతారో నాకు వినాలనుంది.

ఇంత గొడవెందుకు, బీడీఎల్‌లు తీసేసి దొరికిన అంకెలే చూద్దాం అనే మూడో రకం వాళ్లూ ఉన్నారు. వాళ్లకు 1986 జనవరి 27 రాత్రి గుర్తుచేయాలి. చాలెంజర్ అంతరిక్ష నౌకను మర్నాడు ప్రయోగించాలి. ఫ్లారిడాలో గడ్డకట్టే చలి. రాకెట్ బూస్టర్ల కీళ్లలోని ఓ-రింగులు చలికి బిగుసుకుపోతాయన్న భయం వాటిని తయారుచేసే థయోకోల్ ఇంజినీర్లకుంది. టెలికాన్ఫరెన్స్‌లో పాత ప్రయోగాలు ముందు పెట్టుకున్నారు, కానీ రింగులు దెబ్బతిన్నవాటినే. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర దెబ్బ, 24 దగ్గరా దెబ్బ. చలికీ దెబ్బకూ పొంతన కుదరలేదు. దెబ్బే తగలని ప్రయోగాలు పట్టికలో చేరలేదు. ప్రమాదం తర్వాత రోజర్స్ కమిషన్ వాటినీ చేర్చి చూసింది. 18 డిగ్రీల పైన జరిగిన ఇరవై ప్రయోగాల్లో దెబ్బ తగిలినవి మూడే. అంతకన్నా చల్లగా ఉన్న నాలుగింటికి నాలుగూ దెబ్బతిన్నాయి. ఏమీ కనిపించలేదన్న ఫలితాలే అసలు సంగతి చెప్పేవి, వాటినే పక్కన పడేశారు. ఏడుగురు పోయారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన డెనిస్ హెల్సెల్ ఈ విషయం మీద రాసిన పుస్తకాన్ని ఈ ప్రమాదంతోనే మొదలుపెట్టాడు. బీడీఎల్‌ల మీద మూడు దశాబ్దాలకు పైగా పోరాడుతున్న మనిషి ఆయన. 1990లో సౌమ్యంగా చెప్పి చూశాడు. 2005లో పుస్తకం రాశాడు. 2006కి వచ్చేసరికి ఓపిక అయిపోయినట్టుంది, సగం వేయడాన్ని డేటా కల్పన అని వ్యాసం పేరులోనే పెట్టేశాడు. నాకు ఆ మాట కటువుగా తోచలేదు. కొలవని అంకెను కొలతల గడిలో రాయడాన్ని మరే శాస్త్రంలోనైనా అలాగే పిలుస్తారు.

నియంత్రణ సంస్థలు ఒప్పుకున్నాయి కదా అన్న వాదనకు వద్దాం. ఒప్పుకున్న మాట నిజం. ఈపీఏ మార్గదర్శకాల్లో బీడీఎల్‌లు 15 శాతం లోపుంటే లిమిట్, సగం, ఏదో ఒక చిన్న అంకె వేసుకోవచ్చన్న వెసులుబాటుంది. అంత తక్కువున్నప్పుడు జరిగే నష్టమూ తక్కువే, దాని మీద నేను గొంతు చించుకోను. కానీ నూటికి పదిహేను కోసం ఇచ్చిన అనుమతిని నూటికి ఎనభై ఉన్న పట్టికకు వాడుకుని "ఈపీఏ చెప్పింది" అనడం పూచీకత్తు చదవకుండా సంతకం వాడుకోవడమే. ఇక యూరప్. 2009/90 నంబరు ఆదేశంలో క్వాంటిఫికేషన్ లిమిట్‌కు, అంటే నమ్మకంగా అంకె చెప్పగల హద్దుకు దిగువన ఉన్న కొలతకు సగటు కట్టేటప్పుడు సగం వేయమని ఉంది. అదే ఆదేశంలో, కొన్ని పదార్థాల మొత్తం కట్టాల్సి వస్తే మాత్రం ఒక్కొక్కటీ సున్నాగా తీసుకోమని ఉంది. ఒకే చట్టం, ఒకే శాంపిల్, ఒకచోట సగం, ఒకచోట సున్నా. ఇది పాలనా సౌలభ్యం కోసం రాసుకున్న నియమం, చట్టానికి ఆ హక్కుంది. శాస్త్రం రుజువు చేసిందని దాన్ని చూపిస్తేనే పేచీ. పైగా ఆ ఆదేశంలోనే మనవాళ్లు ఎత్తి చూపని రెండు షరతులున్నాయి. వాడే పద్ధతి క్వాంటిఫికేషన్ లిమిట్ నాణ్యతా ప్రమాణంలో 30 శాతం మించకూడదు. సగం వేసి కట్టిన సగటు లిమిట్ కన్నా తక్కువ వస్తే ఆ అంకె రాయకూడదు, లిమిట్ కన్నా తక్కువ అని రాయాలి. మొదటి షరతు పాటిస్తే సీసానికి 0.01 ప్రమాణం ఉన్నచోట 0.05 దగ్గర తడబడే పరికరాన్ని ల్యాబ్ గుమ్మమే దాటనివ్వరు. సగాన్ని అరువు తెచ్చుకున్నవాళ్లు షరతులను ఓడలోనే వదిలేశారు.

పురుగుమందుల సంగతి మనం అనుభవించిందే. 2003 ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బాటిల్ నీళ్లలో పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టింది. అప్పటికి అమల్లో ఉన్న భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం అంకె చెప్పలేదు. నిర్దేశించిన పద్ధతిలో పరీక్షిస్తే అవశేషాలు గుర్తించదగిన హద్దుకు లోపల ఉండాలన్నది, అంతే. ఆ పద్ధతులేమో సున్నితమైనవి కావు. కంపెనీ అబద్ధమాడక్కర్లేదు, ల్యాబ్ అబద్ధమాడక్కర్లేదు. ల్యాబ్ ఎంత మొద్దుదైతే నీళ్లు అంత స్వచ్ఛం. అదే ఏడాది జులైలో కేంద్రం కొత్త హద్దులు నోటిఫై చేసింది: ఒక్కో పురుగుమందుకు లీటరుకు 0.0001 మి.గ్రా., అన్నీ కలిపి 0.0005. 2004 జనవరి 1 నుంచి అమలు. ఇన్నాళ్లకు ఒక అంకె వచ్చింది, సంతోషం. అయినా ఆ "అన్నీ కలిపి" దగ్గర మన పాత పేచీ మళ్లీ తలెత్తుతుంది. పన్నెండు మందులు వెతికారు, ఒక్కోదాని లిమిట్ 0.05 మైక్రోగ్రాము, పన్నెండూ బీడీఎల్ అనుకోండి. సున్నా వేస్తే మొత్తం సున్నా. సగం వేస్తే 0.3. పూర్తిగా వేస్తే 0.6, హద్దు 0.5 దాటిపోయింది. ఏ మందూ దొరకని బాటిల్ ఫెయిలవుతుంది! ఇంకో డజను మందులు అదనంగా వెతికితే సగం సూత్రం కింద కూడా 0.6 అయి ఫెయిలవుతుంది. ఎంత ఎక్కువ వెతికితే అంత కలుషితమన్నమాట. సగం వేయడం తటస్థమన్న మాట ఇక్కడ నవ్వులపాలవుతుంది.

మరేం చేయమంటావు అంటారా. చేయాల్సింది కొత్తగా కనిపెట్టక్కర్లేదు, వైద్యులు ఎప్పటినుంచో చేస్తున్నారు. ఐదేళ్ల అధ్యయనం ముగిసేనాటికి బతికే ఉన్న రోగికి ఎవరూ ఆయుష్షు ఊహించి రాయరు. ఐదేళ్లకు పైగా అని రాసి, ఆ "పైగా"ను పైగా గానే లెక్కలోకి తీసుకుంటారు. కాప్లాన్, మేయర్ 1958లో ఇచ్చిన పద్ధతి అది. అదే ఏడాది ఆర్థికవేత్త జేమ్స్ టోబిన్ ఇలా ఒక హద్దు దగ్గర తెగిపోయిన డేటాకు రిగ్రెషన్ పద్ధతి ఇచ్చాడు. మనకు కావాల్సింది ఆ "పైగా"కు అద్దంలోని బొమ్మ: ఐదు కన్నా తక్కువ అన్నదాన్ని తక్కువగానే ఉంచి లెక్క కట్టడం.

మన పది కొలతలకే తిరిగి వెళితే, ఏ ఊహా లేకుండా చెప్పగలిగింది చాలా ఉంది. పదింటిలో ఆరు 5 లోపున్నాయి కనుక మధ్యగతం 5 కన్నా తక్కువ. పదింటిలో నాలుగు 5 పైన. గరిష్ఠం 20. సగటు 4.5కూ 7.5కూ మధ్య. ఇందులో ఒక్క అంకె కూడా కల్పన కాదు, దీనికి సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. రెండు బోర్ల మధ్యనో రెండు ఏళ్ల మధ్యనో తేడా చూడాలంటే ర్యాంకులతో నడిచే పరీక్షలున్నాయి. లిమిట్ లోపలున్నవన్నీ ఒకే ర్యాంకు పంచుకుంటాయి. లిమిట్లు పలు రకాలుంటే, అన్నిటికన్నా పెద్ద లిమిట్ కింద పడ్డవన్నిటినీ దాని కన్నా తక్కువ అనే ఒకే గూటిలో వేసి చూడాలి. కొంత సమాచారం పోతుంది, కానీ లేనిది పుట్టదు. సగటే కావాలని పట్టుబడితే ఆర్డర్ స్టాటిస్టిక్స్ మీద రిగ్రెషన్ చేయొచ్చు. దొరికిన నాలుగు అంకెలకు లాగ్-నార్మల్ గీత గీసి, దొరకని ఆరింటిని గుంపుగా అంచనా కట్టడం. నేను కట్టి చూస్తే సగటు సుమారు 5.6 వచ్చింది. నాలుగు చుక్కల మీద నిలబెట్టిన గీత కనుక దాన్ని నమ్మి స్టేషన్‌ను పాస్ చేయమని నేననను. ఇంకా శాంపిళ్లు తీయండి, లేదా ఇంతకన్నా మంచి పరికరం మీద పెట్టండి అంటాను. సగం సూత్రం చెప్పిన 6.0 మాత్రం ఆ సలహా ఎప్పటికీ ఇవ్వదు. దానికి తన మీద తనకు అనుమానమే రాదు.

పెద్ద పద్ధతులూ ఊహలేనన్న వాదనకు నా జవాబు ఇక్కడే ఉంది. లాగ్-నార్మల్ అన్నది ఊహే. కానీ ఆ ఊహ పైకి చెప్పింది, గ్రాఫు గీసి సరిపోయిందో లేదో చూడగలిగింది, అనిశ్చితి ఎంతో కూడా చెప్పేది. సగంలో దాక్కున్న ఊహ పైకి కనిపించదు, పరీక్షకు దొరకదు, తప్పెంతో చెప్పదు. కాప్లాన్-మేయర్‌కూ పరిమితులున్నాయి. లిమిట్ ఒక్కటే ఉన్న డేటాకు దాంతో సగటు కడితే పూర్తి లిమిట్ వేసినట్టే వస్తుంది. అందుకని అక్కడ దాన్ని వాడరు, రకరకాల లిమిట్లున్నచోట వాడతారు. ఎనభై, తొంభై శాతం బీడీఎల్‌లైతే ఏ పద్ధతీ సగటును కాపాడలేదు. అప్పుడు ఎన్ని శాంపిళ్లలో లిమిట్ దాటిందో ఆ నిష్పత్తి చెప్పి ఊరుకోవడమే మర్యాద. కష్టం, ఖర్చు అన్న సాకు కూడా చెల్లదు. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో నాడా ప్యాకేజీ ఉచితం, ఈపీఏ వారి ప్రోయూసీఎల్ సాఫ్ట్‌వేర్ ఉచితం.

ఇంకా తేలికైనది ఒకటుంది, అదే ఎవరూ చేయరు. పరికరం ప్రతి శాంపిల్‌కూ ఏదో ఒక అంకె ఇస్తుంది. 0.8 రావొచ్చు, 1.9 రావొచ్చు, బ్లాంకు తీసేశాక మైనస్ 0.3 కూడా రావొచ్చు. అది ల్యాబ్ కంప్యూటర్‌లో ఉంటుంది. రిపోర్టులోకి వచ్చేసరికి దాన్ని చెరిపి బీడీఎల్ అంటారు. ఆ తర్వాత విశ్లేషకుడు బీడీఎల్‌ను చెరిపి సగం అంటాడు. కొలిచిన అంకెను దాచి, కొలవని అంకెను అతికించడం! అంత చిన్న అంకెకు అర్థం లేదంటారు. ఒక్కదానికే చూస్తే లేదు. వందింటి సగటులో మాత్రం ఆ ఊగులాట చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, మిగిలినదానికి అర్థం ఉంటుంది. పర్యావరణంలో రేడియోధార్మికత కొలిచేవాళ్లు మైనస్ అంకెలను కూడా అనిశ్చితితో సహా ఉన్నదున్నట్టు నివేదించాలనే అంటారు. అంకె పక్కన అనిశ్చితి, దాని పక్కన లిమిట్, ఎవరికి కావాలంటే వాళ్లు బీడీఎల్ అని చదువుకోవచ్చు.

జనం బెదిరిపోతారని ఒక అధికారిక భయం ఉంది. "సీసం: 0.05 కన్నా తక్కువ, ప్రమాణం 0.01" అని అచ్చువేస్తే కలకలం రేగుతుందట. రేగాలి మరి. ఆ పంక్తి చదివినవాడు అడిగే మొదటి ప్రశ్న సరైన ప్రశ్నే అవుతుంది: ప్రమాణం కన్నా మొద్దైన పరికరంతో ఎందుకు కొలిచారు? పట్టికలో వరుసే లేనివాటి సంగతి ఇక వేరు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధయి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. మిల్లీగ్రాములు, మైక్రోగ్రాములు కాదు. దాన్ని పట్టుకోవడానికి గొప్ప డిటెక్షన్ లిమిట్ అక్కర్లేదు. వెతికే వరుస ఉంటే చాలు.

2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ మొత్తాన్ని వీడియో తీయాలి, లేచిన ప్రశ్నలన్నీ మినిట్స్‌లోకి ఎక్కాలి, వాటికి తుది నివేదికలో జవాబుండాలి. ఈసారి మైకు చేతికొచ్చినప్పుడు ఎవరైనా ఇంతే అడగాలి: "అయ్యా, పట్టికలో బీడీఎల్ అని రాసిన ప్రతి గడికీ లిమిట్ ఎంత? ఏ పరికరం? పరికరం చూపించిన అంకె ఎంత?" వేదిక మీద జవాబు దొరక్కపోవచ్చు. ప్రశ్న మాత్రం రికార్డులోకి వెళుతుంది, తుది నివేదికలో ఆ గళ్లు మళ్లీ నింపాల్సి వస్తుంది.